అడ్డు నిలిచినవాడి చరిత్ర : ఫుట్‌బాల్ బ్యాక్ జర్నైల్ సింగ్

ప్రత్యేక సంచికకు క్రీడల చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగానే, నేను క్రికెట్ గురించి వ్రాస్తానని మిత్రులు కొందరు అనుకున్నారు. క్రికెట్ గురించి చెప్పేవారు ఇంటింటా ఉన్నారు. అందుచేత నేను ఫుట్‌బాల్ గురించి, అందులోనూ గోల్ కొట్టినవారి గురించి కాక, గోల్ పడకుండా అడ్డుకున్న ఒక ఆటగాడి గురించి వ్రాయదలచాను. ఆయన పేరు జర్నైల్ సింగ్.

ఈ ఎంపికకు ఒక కారణం ఉన్నది. 1968లో ట్రెజరీలో గుమాస్తాగా చేరి 2004లో పదవీ విరమణ చేసేవరకు 36 సంవత్సరాలు నేను చేసిన పనిలో ముఖ్యభాగం బిల్లులు పరిశీలించడం. లెక్క సరిగా లేని బిల్లు వస్తే అభ్యంతరం వ్రాసి త్రిప్పి పంపేవాళ్లం. పాస్ చేసిన బిల్లులకు లెక్క ఉండేది. ఆపిన తప్పు చెల్లింపు వలన ప్రభుత్వానికి ఎంత మిగిలిందో ఎవరూ లెక్క కట్టలేదు. కార్యాలయాల మధ్య జరిగే పోటీలలో మా జట్టుకు నేను ఆడినది కూడా బ్యాక్ స్థానమే. కనుక అడ్డుకునేవాడి కష్టం ఆఫీసులోనూ, మైదానంలోనూ కొద్దిగా తెలిసినవాడిని.

ఆట తెలియని పాఠకుల కోసం, ముఖ్యంగా మన ఇళ్లలోని ఆడవారి కోసం, పిల్లల కోసం రెండు మాటలు. ఫుట్‌బాల్ జట్టులో పదకొండుమంది ఉంటారు. ముందు వరుసలో ఉండే ఫార్వర్డులు గోల్ కొట్టాలి. వెనుక ఉండే బ్యాకులు ఎదుటి ఫార్వర్డుల కాళ్ల దగ్గర నుండి బంతిని తీసుకోవాలి, ఎత్తుగా వచ్చిన బంతిని తలతో కొట్టి దూరంగా పంపాలి. ఫార్వర్డు తొమ్మిదిసార్లు విఫలమై పదవసారి గోల్ కొడితే ప్రేక్షకులు భుజాలకెత్తుకుంటారు. బ్యాక్ తొమ్మిదిసార్లు ఆపి పదవసారి తప్పితే ఆ పదవసారి మాత్రమే అందరికీ గుర్తుంటుంది. ఆ స్థానంలో ఉండి దేశం మెచ్చిన ఆటగాడు కావడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

జర్నైల్ సింగ్ 1936లో జన్మించారు. దేశ విభజన సమయంలో ఆయన కుటుంబం లాయల్‌పూర్ ప్రాంతం వదలి హోషియార్‌పూర్ జిల్లాలోని పనాం గ్రామానికి వచ్చి స్థిరపడింది. అప్పటికి ఆయన పదేళ్లు దాటిన బాలుడు. ఉన్న ఊరు, ఇల్లు వదలి వచ్చిన లక్షలాది కుటుంబాలలో వారిది ఒకటి. దగ్గరలోని మాహిల్‌పూర్ ఖాల్సా కళాశాలలో ఆయన చదువు, ఆట రెండూ సాగాయి. నేటికీ ఆ మాహిల్‌పూర్ పేరు చెబితే పంజాబ్‌లో ఫుట్‌బాలే గుర్తుకు వస్తుంది.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ ఆడి పేరు తెచ్చుకోదలచినవాడు కలకత్తా వెళ్లవలసిందే. జర్నైల్ సింగ్ ముందుగా అక్కడి రాజస్థాన్ క్లబ్‌లో ఆడి, 1959లో మోహన్ బగాన్ క్లబ్‌లో చేరారు. 1968 వరకు అక్కడే ఉన్నారు. భాష వేరు, తిండి వేరు. తలపాగా కట్టిన ఒక పంజాబీ యువకుడిని బెంగాలీలు తమవాడిగా చేసుకున్నారంటే ఆ ఆట ఎంత గొప్పదై ఉండాలి! దృఢమైన శరీరం, భయమెరుగని స్వభావం, నేల మీద జారుతూ వెళ్లి బంతిని తీసుకునే నేర్పు ఆయన సొత్తు. ఆయన ఉన్న కాలంలోనే మోహన్ బగాన్ 1963, 1964, 1965 సంవత్సరాలలో వరుసగా మూడుసార్లు డ్యూరాండ్ కప్ గెలిచింది.

ఇక్కడ మన రాష్ట్రం ప్రసక్తి కూడా వస్తుంది. ఆ కాలంలో కలకత్తా క్లబ్బులకు ఎదురు నిలిచిన జట్లలో మన పోలీసు జట్టు ముఖ్యమైనది. హైదరాబాద్ సిటీ పోలీస్ పేరుతో 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచిన ఘనత వారిది. ఆంధ్రా పోలీస్ అయిన తర్వాత 1961 డ్యూరాండ్ ఫైనల్‌లో వారు మోహన్ బగాన్‌ను ఓడించారు. 1963 ఫైనల్‌లో మోహన్ బగాన్ మనవారిని ఓడించి ఆ బాకీ తీర్చుకున్నది.

ఆ పోలీసు జట్టును తీర్చిదిద్దినది సయ్యద్ అబ్దుల్ రహీం గారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. హైదరాబాదువారు రహీం సాహెబ్ అని గౌరవంగా పిలిచేవారు. 1950 నుండి 1963లో మరణించేవరకు భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణ పతకం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే.

రహీం సాహెబ్ జట్టులోనే జర్నైల్ సింగ్ 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడారు. అక్కడ మనవారు గెలిచినది ఒక్కటీ లేదు. హంగేరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడి, ఫ్రాన్సుతో 1-1గా డ్రా చేసుకున్నారు. కానీ ఈ అంకెలను వెనుకటి అంకెల ప్రక్కన పెట్టి చూడాలి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మనవారు 1-10తో ఓడారు. అప్పుడు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. ఎనిమిదేళ్ల తర్వాత, ఆ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన హంగేరీని రెండు గోల్స్ దగ్గర ఆపగలిగారు. ఆ తేడాలో వెనుక వరుసవారి పాలు తక్కువేమీ కాదు.

ఇక 1962 జకార్తా ఏషియన్ గేమ్స్. ఆ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి.

నాకు అప్పుడు పదహారేళ్లు. వరంగల్‌లో చదువుకుంటున్నాను. ఇంట్లో రేడియో లేదు. గ్రంథాలయంలో పత్రిక కోసం వరుసలో నిలబడి ఆ వార్తలు చదివాను.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనలను 2-0తో ఓడించింది. రెండవ ఆటలో థాయిలాండ్‌పై 4-1తో గెలిచాం గాని, ఆ ఆటలో జర్నైల్ సింగ్ తలకు తీవ్రమైన గాయమైంది. ఆరు కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆటకు ఆయన లేరు. ఆ ఆట కూడా మనవారు 2-0తో గెలిచి సెమీఫైనల్ చేరారు. ఎదురుగా దక్షిణ వియత్నాం.

రహీం సాహెబ్ ఎదుట చిక్కు సమస్య వచ్చింది. కుట్లు పడిన తలతో ఉన్నవాడిని బ్యాక్‌గా దించితే, గోల్ ముందుకు వచ్చిన ప్రతి ఎత్తు బంతికీ తల అడ్డం పెట్టక తప్పదు. బ్యాక్‌కు ఈ బంతి వద్దులే అని వదిలే అవకాశం ఉండదు. అలాగని అంతటి ధైర్యశాలిని కూర్చోబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. చివరకు ఎవరూ ఊహించని నిర్ణయం తీసుకున్నారు. జర్నైల్ సింగ్‌ను వెనుక నుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా పెట్టారు. వెనుక స్థానం అరుణ్ ఘోష్ చూసుకున్నారు. అభిమానులకు అది సాహసంగా కనిపించి ఉంటుంది. ఏళ్ల తరబడి ఫార్వర్డులను ఆపినవాడికి, ఏ ఫార్వర్డు ఎక్కడ నిలబడితే బ్యాక్‌కు ఇబ్బందో బాగా తెలుస్తుందని నాకనిపిస్తుంది.

సెమీఫైనల్‌లో 3-2తో గెలిచాం. కెప్టెన్ చునీ గోస్వామి రెండు గోల్స్, తలకు కట్టుతో ఆడిన జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు.

ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. అప్పటికి జకార్తాలో భారతీయులపై ఆగ్రహం పెల్లుబికి ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలవారిని ఇండోనేషియా ప్రభుత్వం రానివ్వకపోవడంతో, వీటిని ఏషియన్ గేమ్స్ అనరాదని మన దేశానికి చెందిన ఒలింపిక్ కమిటీ సభ్యుడు జి.డి. సోంధీ అభ్యంతరం చెప్పారు. దానితో సెప్టెంబరు 3న అల్లరిమూక మన రాయబార కార్యాలయంపై దాడి చేసింది. మర్నాడు సెనయాన్ స్టేడియంలో దాదాపు లక్షమంది ప్రేక్షకులు మనవారిని ఎగతాళి చేస్తూ కేకలు వేశారు. మన జాతీయ గీతాన్ని కూడా వినిపించనివ్వలేదు. ఆ జనసముద్రంలో మనవారికి చప్పట్లు కొట్టి ఉత్సాహపరచినవారు, అంతకు ముందు రోజే హాకీ ఫైనల్‌లో మనలను ఓడించిన పాకిస్తాన్ ఆటగాళ్లని మన ఫుట్‌బాల్ జట్టువారు తర్వాత కృతజ్ఞతతో చెప్పుకున్నారు. విభజనలో ఉన్న ఊరు వదలి వచ్చిన జర్నైల్ సింగ్‌కు ఆ చప్పట్లు ఎలా వినిపించాయో!

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టారు. మూడు నిమిషాల తర్వాత రెండవ గోల్ జర్నైల్ సింగ్‌ది. ఆ తర్వాత గంటకు పైగా మనవారు ఆ ఆధిక్యాన్ని కాపాడుకున్నారు. కొరియా ఒక్క గోల్ చేసినది 85వ నిమిషంలో. 2-1తో స్వర్ణ పతకం మనదైంది. ఆ జట్టులో మన జంటనగరాలవారు కూడా ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, ఆంధ్రా పోలీస్ యూసఫ్ ఖాన్ మనవారే. తొమ్మిది నెలల తర్వాత, 1963 జూన్ 11న రహీం సాహెబ్ కన్నుమూశారు. భారత జట్టు మళ్లీ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ స్వర్ణం గెలవలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ క్రీడల రికార్డు పుస్తకం తెరిస్తే జర్నైల్ సింగ్ పేరు గోల్స్ పట్టికలో రెండు చోట్ల కనిపిస్తుంది. ఆ రెండూ ఆయన తన అసలు పని వదలి ముందుకు వెళ్లినప్పటివి. పది సంవత్సరాలు వెనుక నిలబడి ఎన్ని గోల్స్ ఆపారో ఆ పట్టికలో లేదు. దానికి అసలు గడే లేదు. అర్జున అవార్డుల వరుస చూడండి. ఫుట్‌బాల్‌కు 1961లో పి.కె. బెనర్జీ, 1962లో బలరాం, 1963లో చునీ గోస్వామి. ముగ్గురూ ఫార్వర్డులే, ముగ్గురూ అర్హులే. నాలుగవ ఏడు, 1964లో, ఒక బ్యాక్ వంతు వచ్చింది. ఆయన జర్నైల్ సింగ్. 1965లో అరుణ్ ఘోష్‌కు ఇచ్చారు. దారి ఒకరు వేస్తేనే గదా రెండవవారు నడిచేది.

1964లో ఏషియన్ కప్‌లో రెండవ స్థానం పొందిన భారత జట్టులో ఆయన ఉన్నారు. 1965 నుండి 1967 వరకు భారత జట్టు నాయకత్వం ఆయనదే. మోహన్ బగాన్ విడిచిన తర్వాత పంజాబ్‌లోనే ఉండి యువకులకు శిక్షణ ఇచ్చారు. రాష్ట్ర క్రీడాశాఖలో అధికారిగా పనిచేశారు. అంటే, ఒక విధంగా ఆయన కూడా మనవంటి ప్రభుత్వోద్యోగే. మైదానంలో పేరు మోసిన మనిషి ఫైళ్లు చూస్తూ, జిల్లాల్లో పిల్లల ఆటలు నడిపిస్తూ సర్వీసు గడపడం నాకు ఆయన గోల్స్ కంటె ఎక్కువ నచ్చే సంగతి. 2000 అక్టోబరు 13న కెనడాలోని వాంకోవర్‌లో ఆయన పరమపదించారు.

ఆయన తర్వాత ఆ వెనుక వరుస బాధ్యత హైదరాబాదు చేతికి వచ్చింది. మన నగరానికి చెందిన సయ్యద్ నయీముద్దీన్ కూడా డిఫెండరే. 1970 బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో ఆయన నాయకత్వంలో మనవారు జపాన్‌ను ఓడించి కాంస్య పతకం గెలిచారు. ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మన దేశానికి ఇప్పటివరకు చివరి పతకం అదే. ఆటగాడిగా 1970లో అర్జున, శిక్షకుడిగా 1990లో ద్రోణాచార్య, రెండు పురస్కారాలూ ఆయనకు లభించాయి.

2024లో రహీం సాహెబ్ జీవితంపై 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చింది. మా మనుమలు చూసి వచ్చి, తలకు కట్టుతో ఆడినది నిజమేనా తాతయ్యా అని అడిగారు. నిజమేనని చెప్పి, ఆయన అసలు పని గోల్ కొట్టడం కాదు, ఆపడం అని కూడా చెప్పాను. ఆ రెండవ మాట వారికి కొత్తగా తోచింది.

మిత్రులారా, మన ఊళ్లలో, మన కార్యాలయ జట్లలో ఇటువంటి బ్యాకులు ఎందరో ఆడారు. వారి పేర్లు ఏ పట్టికలోనూ లేవు. మైదానం గట్టు మీద కూర్చుని చూసిన మనమే వారికి రికార్డు. మీకు గుర్తున్నవారి పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు ఒక కాగితం మీద వ్రాసి సంఘ కార్యాలయానికి పంపండి. రాబోయే సంచికలలో వాటిని ప్రచురించవలసినదిగా సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. చేయి వణికినవారు మనుమలతో వ్రాయించండి. అలా వ్రాస్తూ వారు కూడా తెలుసుకుంటారు.