వాహన తనిఖీలో ప్రయాణికుల ప్రశ్నింపు - రాజ్యాంగ పరిమితులు

పోలీసులు రోడ్డుపై వాహనాన్ని ఆపినపుడు నడిపేవారినే గాక అందులోని ప్రయాణికులను కూడా పేరు, ఊరు, ప్రయాణ కారణం అడగడం సర్వసాధారణం. ఈ ప్రశ్నింపునకు భారత రాజ్యాంగంలోని 20(3), 21, 22 అధికరణాలు హద్దులు ఏర్పరచాయి. తూప్రాన్, రామాయంపేటల మీదుగా 44వ జాతీయ రహదారి సాగిపోయే మెదక్ జిల్లాలో ఇది నిత్యజీవిత విషయమే.

మోటారు వాహనాల చట్టం

1988 నాటి ఈ చట్టం 130వ సెక్షను ప్రకారం, యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అడిగినపుడు లైసెన్సు చూపవలసిన బాధ్యత డ్రైవరుది. 203వ సెక్షనులోని శ్వాస పరీక్ష కూడా నడిపేవారికి, నడపబోయేవారికి మాత్రమే. ద్విచక్ర వాహనంపై వెనుక కూర్చున్నవారికి హెల్మెట్ నియమం (129వ సెక్షను) వర్తిస్తుంది. అంతకుమించి ప్రయాణికుడు తన వివరాలు చెప్పి తీరాలనే సాధారణ నిబంధన ఈ చట్టంలో లేదు.

పేరు, చిరునామా

2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 39వ సెక్షను కింద పేరు, చిరునామా చెప్పనివారిని అరెస్టు చేయవచ్చు. అయితే అది పోలీసు ఎదుట నాన్ కాగ్నిజబుల్ నేరం చేసినవారికి, లేదా అటువంటి నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి మాత్రమే. వెనుక సీటులో కూర్చొని ఉండడం నేరారోపణ కాజాలదు. 172వ సెక్షను పోలీసుల చట్టబద్ధమైన ఆదేశాలను పాటించమంటుంది కానీ, అది నేర నివారణ విధులకు సంబంధించినది. ఆచరణలో పేరు చెప్పడం వల్ల నష్టమేమీ ఉండదు. చిక్కంతా ఆ తరువాతి ప్రశ్నలతోనే.

మౌనంగా ఉండే హక్కు

నేరారోపణకు గురైన ఏ వ్యక్తినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పవలసిందిగా బలవంతపెట్టరాదని 20(3) అధికరణం నిర్దేశిస్తున్నది. ఈ రక్షణ న్యాయస్థానానికే పరిమితం కాదని, పోలీసు విచారణ దశలోనే మొదలవుతుందని 1978లో నందినీ సత్పతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఒరిస్సా మాజీ ముఖ్యమంత్రి అయిన ఆమె పోలీసుల ప్రశ్నావళికి సమాధానమివ్వ నిరాకరించడంతో ఈ వ్యాజ్యం తలెత్తింది. సంహిత 180వ సెక్షను దర్యాప్తు అధికారి ప్రశ్నలకు నిజం చెప్పాలంటూనే, తనను నేరంలో ఇరికించగల ప్రశ్నలను మినహాయించింది. పైగా ఈ సెక్షను దర్యాప్తులో ఉన్న కేసుకే వర్తిస్తుంది. కేసేదీ లేని మామూలు తనిఖీకి కాదు. వేలిముద్రలు, చేతివ్రాత నమూనాలు ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదని మాత్రం 1961లో కథీ కాలూ ఓఘడ్ కేసులో తేలింది.

సోదా, ఫోను

మాదకద్రవ్యాల చట్టం (1985) 43వ సెక్షను బహిరంగ స్థలాలలో సోదాకు వీలు కల్పిస్తుంది. అయితే దేహసోదాకు ముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు సమక్షంలో సోదా కోరే హక్కు ఉన్నదని ఆ వ్యక్తికి తెలియజేయాలి (50వ సెక్షను). సంచికి, వాహనానికి ఈ రక్షణ లేదు.

2021 అక్టోబరులో హైదరాబాదులో గంజాయి తనిఖీల పేరిట పోలీసులు దారిన పోయేవారిని ఆపి, వారి ఫోన్లలోని సందేశాలు చూడడం తీవ్ర విమర్శలకు దారితీసింది. గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ప్రకటించి అప్పటికి నాలుగేళ్ళు దాటింది.

రోడ్డు నుండి స్టేషనుకు

ప్రశ్నింపు నిర్బంధంగా మారినపుడే అసలు ప్రమాదం. 2023 జనవరిలో గొలుసు దొంగతనం అనుమానంతో మెదక్ పోలీసులు అదుపులోకి తీసుకున్న ఒక కూలీ, విడుదలయ్యాక ఆసుపత్రి పాలై ఫిబ్రవరిలో మరణించాడు. పోలీసులు హింసించారన్న ఆరోపణపై తెలంగాణ హైకోర్టు ఈ విషయాన్ని తనకు తానుగా విచారణకు స్వీకరించింది. ఇది వాహన తనిఖీ కాదు. అయినా అనుమానం ఒక్కటే ఆధారమైనపుడు రాజ్యాంగ రక్షణలు ఎంత అవసరమో తెలుపుతుంది. అరెస్టు పత్రం వ్రాయడం, బంధువులకు తెలపడం వంటి నియమాలను డి.కె. బసు కేసులో 1996లోనే సుప్రీంకోర్టు విధించింది. 22వ అధికరణం ప్రకారం అరెస్టు కారణం చెప్పాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి.

ఇతర దేశాలలో

తెలుగువారు అధికంగా నివసించే అమెరికాలో, ఆపిన కారులోని ప్రయాణికుడు కూడా నిర్బంధంలో ఉన్నట్లేనని, కనుక ఆ ఆపడాన్ని అతడు కూడా కోర్టులో సవాలు చేయవచ్చని బ్రెండ్లిన్ కేసులో (2007) అక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ట్రాఫిక్ పని ముగిశాక తగిన అనుమానం లేకుండా వాహనాన్ని ఇంకా నిలిపి ఉంచరాదని రోడ్రిగెజ్ కేసులో (2015) స్పష్టం చేసింది.