పాస్టర్ ఓట్లల్ల నిలబడితే: మనిషిని ఆపొద్దు, బిల్లును వదలొద్దు

పాస్టర్ ఎలక్షన్ల నిలబడ్డడు అంటే మనకు ముందుగాల యాదికొచ్చేది కె.ఏ.పాల్. 2022 నవంబర్‌ల మునుగోడు ఉప ఎన్నిక అయినప్పుడు వేళ్లన్నిటికి ఉంగరాలు పెట్టుకొని, ఉంగరం గుర్తుకు ఓటెయ్యమని తిరిగిండు. మనం ఫోన్ల వీడియోలు చూసి నవ్వుకున్నం. వెయ్యి ఓట్లు గూడ రాలే. ఆడికి ఆ ముచ్చట ఒడిసింది.

అమెరికాల మాత్రం గిది నవ్వులాట కాదు. ఆడ పాస్టర్లు రాష్ట్రాల చట్టసభలకు నిలబడుతున్నరు, గెలుస్తున్నరు, బిల్లులు పెడుతున్నరు. విడాకులు ఎట్ల తీసుకోవాలె, కడుపు తీసేసుకున్న ఆడమనిషిని జైల్ల పెట్టాల్నా వద్దా అనేదాంక పోతున్నరు. మన దగ్గర గూడ స్వాములు, మౌల్వీలు, పాస్టర్లు ఓట్ల ముచ్చట తియ్యని ఎలక్షన్ లేదు. అందుకే ఆడ ఏమైందో, మన చట్టం ఏమంటదో, రెండూ తెలుసుకోవాలె.

నిలబడొద్దని చట్టమే ఉండె

అమెరికా పుట్టిన కొత్తల 13 రాష్ట్రాలు ఉంటే, అందుల 7 రాష్ట్రాలు మతబోధకులు చట్టసభలకు పోవద్దని రాసుకున్నయి. మొదలుపెట్టింది వర్జీనియా, 1776ల. ఇంగ్లండ్‌ల చర్చి, సర్కారు ఒక్కటై జనాన్ని సతాయించింది వాళ్లు చూసి ఉన్నరు. ఆ భయంతోటి రాసుకున్న నిబంధన అది. థామస్ జెఫర్సన్ గూడ మొదట్ల దీన్నే సమర్థించిండు. జేమ్స్ మాడిసన్ మాత్రం ఒప్పుకోలే. ఒక మనిషి చేసే పని మతానికి సంబంధించింది అని చెప్పి అతని పౌరహక్కు గుంజుకుంటే, అది గూడ మతం పేరు మీద శిక్ష ఏసినట్టే కదా అన్నడు.

ఒక్కో రాష్ట్రం ఆ నిబంధనను తీసేసుకుంట వచ్చింది. ఆఖరుకు మిగిలింది టెనెస్సీ. ఆడ 1796 నుంచి ఉన్న రూలు. 1977ల చట్టనూగ నగరంల పాల్ మెక్‌డేనియల్ అనే బాప్టిస్ట్ పాస్టర్ రాష్ట్ర రాజ్యాంగాన్ని మార్చే సభకు పోటీ చేసిండు. అతని మీద నిలబడ్డ సెల్మా పేటీ కోర్టుకు పోయింది, పాస్టర్‌కు అర్హత లేదని. కేసు నడుస్తుండంగనే ఓట్లు పడ్డయి, పాస్టరే గెలిచిండు. రాష్ట్ర సుప్రీంకోర్టు మాత్రం అతని గెలుపు చెల్లదన్నది.

దేశ సుప్రీంకోర్టు 1978 ఏప్రిల్‌ల తీర్పు తిప్పేసింది. తీర్పు చెప్పిన ఎనిమిది మంది జడ్జీలల్ల ఒక్కరు గూడ ఆ రూలును సమర్థించలే. ప్రధాన న్యాయమూర్తి బర్గర్ చెప్పిన లెక్క సాఫ్ ఉన్నది: పాస్టర్ పని చేసుకునుడు ఒక హక్కు, ఓట్లల్ల నిలబడుడు ఇంకో హక్కు. ఒకటి కావాలంటే ఇంకోటి ఇడిశిపెట్టు అని సర్కారు అనరాదు. జస్టిస్ బ్రెన్నన్ ఇంకో మాట కలిపిండు. మతం మాట రాజకీయంల చొరగొట్టేటోళ్లకు మందు వాళ్లను బయట నిలబెట్టుడు కాదు, వాదనల ఓడగొట్టుడు, ఓట్లల్ల ఓడగొట్టుడు అని.

ఈ తీర్పుతోటి తలుపు తెరుసుకున్నది. అందరికి తెరుసుకున్నది. నల్లజాతి పాస్టర్లకు, తెల్ల పాస్టర్లకు, పేదోళ్ల పక్క నిలబడేటోళ్లకు, పాతకాలపు కట్టుబాట్లు మళ్ల తేవాలనేటోళ్లకు గూడ.

ఓక్లహోమా పాస్టర్

ఇప్పుడు ఆ తలుపుల నుంచి లోపలికి పోయిన ఒకాయన సంగతి చూద్దాం. ఓక్లహోమా రాష్ట్రంల ఎల్గిన్ అనే చిన్న ఊరు ఉన్నది. ఆడ చర్చి నడిపే డస్టీ డీవర్స్ 2023 డిసెంబర్‌ల ఉప ఎన్నికల రిపబ్లికన్ పార్టీ మీద గెలిచి రాష్ట్ర సెనేట్‌కు పోయిండు. రాష్ట్ర సెనేట్ అంటే మన శాసనమండలి లెక్క పైసభ, కాని ఆడ జనమే నేరుగ ఓటేసి ఎన్నుకుంటరు. మొత్తం 48 సీట్లు.

ఓక్లహోమాల అబార్షన్ మీద 2022లనే కడక్ నిషేధం వచ్చింది. తల్లి ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యరాదు. అయితే అబార్షన్ చేసుకున్న ఆడమనిషి మీద మాత్రం కేసు పెట్టరు. డీవర్స్‌కు ఇది సాలలే. కడుపుల పడ్డ క్షణం నుంచి అది నిండు మనిషే అంటడు. అందుకని అబార్షన్‌ను హత్య కింద చూడాలె, తల్లి మీద గూడ కేసు పెట్టే వీలుండాలె అన్నడు. 2024ల దానికి బిల్లు పెట్టిండు. దాంతోపాటే ఇంకో రెండు: బూతు వీడియోలు మొత్తం నేరం చెయ్యాలని ఒకటి, ఎవల తప్పు నిరూపించకుండ విడాకులు ఇచ్చే పద్ధతి బంద్ చెయ్యాలని ఇంకోటి.

ఆ విడాకుల ముచ్చట మీద జర ఆగుదాం. తప్పు నిరూపించాలె అంటే ఏంది? మొగడు కొడుతుండు, ఇంకో ఆమెతోటి ఉంటుండు అని ఆడామె కోర్టుల సాక్ష్యాలు చూపియ్యాలె. నాలుగు గోడల నడుమ పడ్డ దెబ్బకు సాక్ష్యం ఎవరు చెప్తరు? అమెరికాల మొట్టమొదట తప్పు నిరూపించే పని లేకుండ విడాకుల చట్టం తెచ్చింది కాలిఫోర్నియా. 1969ల దాని మీద సంతకం పెట్టింది అప్పటి గవర్నర్ రొనాల్డ్ రీగన్. ఈ సంప్రదాయవాదులు నెత్తిన పెట్టుకునే నాయకుడు ఆయనే!

మరి డీవర్స్ బిల్లులు ఏమైనయి? ఆ మూడింట్ల ఒక్కటి గూడ చట్టం కాలే. అబార్షన్ బిల్లు 2025ల మళ్ల పెడితే సెనేట్ కమిటీలనే ఓడిపోయింది. ఓడగొట్టిన ఓట్లల్ల సొంత పార్టీవోళ్ల ఓట్లు గూడ ఉన్నయి. బ్రెన్నన్ చెప్పిన మందు పని చేసిందన్నట్టు. కాని ఒక సంగతి మరువొద్దు. ఓడిన బిల్లు ఊకనే పోదు. నిన్న ఎవరూ నోటికి తేని మాట ఇయ్యాల కమిటీ బల్ల మీదికొచ్చింది. రేపు ఇంకో సభల ఇంకొకాయన ఎత్తుకుంటడు.

చర్చిల నిలబడి ఓటడగొచ్చా

పాస్టర్ తనంత తాను పోటీ చెయ్యొచ్చు. చర్చి మాత్రం ప్రచారం చెయ్యొద్దని అమెరికాల 1954 నుంచి చట్టం ఉన్నది. లిండన్ జాన్సన్ సెనేటర్‌గ ఉన్నప్పుడు తెచ్చిండు కాబట్టి జాన్సన్ సవరణ అంటరు. పన్ను మినహాయింపు తీసుకునే సంస్థ ఏ అభ్యర్థికి మద్దతు ఇయ్యొద్దు, వ్యతిరేకం పోవద్దు. 2025 జులైల అక్కడి పన్నుల శాఖ కోర్టుల దీన్ని సడలించే మాట చెప్పింది: చర్చి తన విశ్వాసులకు ఆరాధన టైంల అభ్యర్థి గురించి చెప్పుకుంటే ఈ చట్టం కిందికి రాదు అని. కానుకల పెట్టెకు పన్ను లేదు, ఇప్పుడు ప్రచారానికి అడ్డు గూడ తీసేద్దామంటే, ఆ పెట్టెల పడ్డ పైస ఎటు పోతదో ఎవరు చూస్తరు?

మన చట్టం ఏమంటది

మన దేశంల స్వామి, మౌల్వీ, పాస్టర్ ఎవరైనా అసెంబ్లీకి నిలబడొచ్చు. 25 ఏండ్లు నిండిన పౌరుడై, ఓటరు లిస్టుల పేరుంటే సాలు, మతం పని చేసుడు అడ్డం కాదు. గోరఖ్‌నాథ్ మఠం పీఠాధిపతి యోగి ఆదిత్యనాథ్ 2022ల గోరఖ్‌పూర్ నుంచి ఎమ్మెల్యేగ గెలిచిండు, ముఖ్యమంత్రి అయిండు.

కాని ఓటు అడిగే తీరు మీద 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ హద్దులు పెట్టింది. మతం, కులం పేరు చెప్పి ఓటు అడగొద్దు. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు తీసినా తప్పే అని 2017 జనవరిల సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి 4-3 తోటి చెప్పింది. అదే సెక్షన్‌ల ఇంకో మాట ఉన్నది, శానమందికి తెల్వదు. ఫలానాయనకు ఓటెయ్యకపోతే దేవుడు కోపానికి వస్తడు అని ఓటరును భయపెట్టుడు గూడ తప్పే. రుజువైతే ఎన్నిక రద్దు అయితది. ఫలితం వచ్చిన 45 రోజుల లోపట హైకోర్టుల పిటిషన్ ఎయ్యాలె. గుడి, మసీదు, చర్చి జాగను రాజకీయానికి వాడితే 1988 చట్టం కింద ఐదేండ్ల దాంక జైలు పడొచ్చు.

చట్టం మంచిగనే ఉన్నది. పండుగ పూట గుడి మెట్ల మీద, ఆదివారం మైకుల జరిగేది మీకు తెల్వందా?

మన దగ్గర మూసి ఉన్న తలుపు

టెనెస్సీ కథ చదివినప్పుడు నాకు మన ఊర్ల మాల, మాదిగ వాడల్ల చర్చి నడిపే పాస్టర్లే కండ్ల ముందట మెదిలిన్రు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాల దళితులే ఎస్సీలు. క్రైస్తవం పుచ్చుకుంటే ఎస్సీ హోదా పోతది. మన రెండు రాష్ట్రాలల్ల వాళ్లను బీసీ-సీల ఏసిన్రు. బీసీలకు అసెంబ్లీల రిజర్వుడు సీట్లు లేవు. అంటే తెలంగాణల ఉన్న 19 ఎస్సీ సీట్లల్ల, ఆంధ్రాల ఉన్న 29 ఎస్సీ సీట్లల్ల దళిత పాస్టర్ నిలబడరాదు. జనరల్ సీటుల నిలబడొచ్చు, కాని ఆడ దళితునికి టికెట్ ఏ పార్టీ ఇస్తది?

వాడ మారలే, బాయికాడ చూపు మారలే, కులం పేరు పెట్టి పిలిచే నోరు మారలే. మారింది మొక్కే దేవుడు ఒక్కడే. టెనెస్సీ పాస్టర్‌ను సర్కారు ఒకటే అడిగింది: చర్చి కావాల్నా, సీటు కావాల్నా అని. మన దళిత పాస్టర్‌ను గూడ అదే అడుగుతున్నరు. ఆడ అట్ల అడుగుడే తప్పు అన్నరు. ఈడ ఆ ప్రశ్న 1950 నుంచి అట్లనే నిలబడి ఉన్నది.

అందుకే తమ్మీ, చెల్లె, నేను చెప్పేది ఒక్కటే. పాస్టర్ కాబట్టి నిలబడొద్దు అనే మాట మనం ఒప్పుకోవద్దు. పాస్టర్ కాబట్టి అడగొద్దు అనే మాట అసలే ఒప్పుకోవద్దు. రేపు మీ ఊరికి ఏ మతం పెద్దమనిషి ఓటడగ వచ్చినా కుర్సీ ఎయ్యున్రి, చాయ్ పొయ్యున్రి. ఆయన పోయేలోపు అడగున్రి: "అయ్యా, గెలిస్తే ఏ చట్టం తెస్తవు? నీ దేవునికి మొక్కని మా పక్కింటామెకు ఆ చట్టంతోటి ఏమైతది?" దానికి జవాబు చెప్పలేనోళ్లకు ఓటెయ్యకున్రి.