ఇంటర్నెట్ – మన సమాజం: పరిశోధనలు చెప్పిన సంగతులు

పెన్షనర్లు నలుగురు కూడిన చోట తరచు ఒకే వాదం నడుస్తున్నది. ఇంటర్నెట్ వల్ల మనుషులు దూరమయ్యారని కొందరంటారు. అమెరికాలోని మనుమడి ముఖం రోజూ చూస్తున్నాం కదా అని మరికొందరంటారు. ఈ వాదం మనతో మొదలైనది కాదు. సామాజిక శాస్త్రవేత్తలు సుమారు ముప్పై ఏళ్ళ క్రితమే ఈ ప్రశ్న వేసుకుని, ఇల్లిల్లూ తిరిగి లెక్కలు తీశారు. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

ముందుగా టెలిఫోను సంగతి చెప్పుకోవాలి. క్లాడ్ ఫిషర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో టెలిఫోను చరిత్రను పరిశోధించి 1992లో గ్రంథం ప్రచురించారు. టెలిఫోనును మొదట వ్యాపార అవసరాలకు, అత్యవసర పనులకు ఉద్దేశించి అమ్మారు. ఊసుపోక కబుర్లు చెప్పుకోవడాన్ని కంపెనీలే తప్పు పట్టేవి. అయినా గృహిణులు దానిని బంధుమిత్రులతో మాట్లాడుకునే సాధనంగా మార్చుకున్నారు. యంత్రం మనిషిని ఎంత మారుస్తుందో, మనిషీ యంత్రాన్ని అంత మారుస్తాడని దీనివల్ల తెలుస్తున్నది.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా అందింది. అదే సంవత్సరం అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం కొన్ని కుటుంబాలకు కంప్యూటర్లిచ్చి పరిశీలన ప్రారంభించింది. 73 ఇళ్ళలోని 169 మంది వివరాలతో 1998లో ఫలితాలు వెలువడ్డాయి. ఇంటర్నెట్ ఎక్కువగా వాడినవారు ఇంట్లోవారితో మాట్లాడడం కొంత తగ్గిందని, ఒంటరితనం కొంత పెరిగిందని తేలింది. తేడా చిన్నదే అయినా పత్రికల్లో పెద్ద చర్చ జరిగింది.

గమనించదగిన విషయం ఏమంటే, అదే బృందం 2002లో మళ్ళీ ఫలితాలు ప్రకటించింది. మొదట కనిపించిన చెడు ప్రభావాలు చాలావరకు కాలక్రమేణా సమసిపోయాయి. కొత్తగా కంప్యూటర్లు కొన్న మరికొందరిని పరిశీలించగా ఇంకో సంగతి బయటపడింది. నలుగురితో కలిసిమెలిసి ఉండే స్వభావం గలవారికి ఇంటర్నెట్ మేలు చేసింది. ముభావంగా ఉండేవారికి ఆ మేలు అందలేదు. అంటే కలిగినవారికే మరికొంత కలిసి వచ్చిందన్నమాట!

కెనడాలో టొరంటో శివారున ఉన్న ఒక కొత్త కాలనీకి పరిశోధకులు ‘నెట్‌విల్’ అని పేరు పెట్టారు. కీత్ హాంప్టన్ 1997 నుండి 1999 వరకు అక్కడే కాపురముండి, బారీ వెల్మన్‌తో కలిసి అధ్యయనం చేశారు. కొన్ని ఇళ్ళకు వేగవంతమైన ఇంటర్నెట్ ఉంది, కొన్నింటికి లేదు. ఉన్న ఇళ్ళవారు లేనివారికంటే మూడింతల మంది ఇరుగుపొరుగును గుర్తుపట్టగలిగారు. దూరదేశాలతో కలుపుతుందనుకున్నది పక్కింటివారితోనూ కలిపింది.

ఇక మన దక్షిణ దేశానికి వద్దాం. ఉత్తర కేరళ తీరంలో 1997–2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చాయి. అంతకుముందు ఒక రేవులో కొనేవారు లేక చేపలు పారబోస్తుంటే, కొద్ది దూరంలోని మరో రేవులో చేపలు దొరక్క బేరగాళ్ళు వట్టి చేతులతో వెళ్ళేవారు. ఫోన్లు వచ్చాక పడవలో ఉండగానే ధర కనుక్కుని రేవుకు చేరసాగారు. జాలర్ల లాభం 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర 4 శాతం తగ్గిందని రాబర్ట్ జెన్సన్ 2007లో లెక్కలతో చూపారు. అప్పటి ఫోన్లు మాట్లాడుకోవడానికే ఉపయోగపడేవి. సమాచారం సమయానికి అందితే బీదవాని బతుకులో వచ్చే మార్పుకు ఇది తార్కాణం.

మన రాష్ట్రంలో ఆ మార్పును నేను కళ్ళారా చూశాను. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో గుమాస్తాగా ఉన్నప్పుడు, ఒక ఇ.సి. ఇవ్వాలంటే ఏళ్ళ తరబడి ఇండెక్సు రిజిస్టర్లు తిరగెయ్యాలి. రైతుకు రోజులు పట్టేది. 1998లో రిజిస్ట్రేషన్ శాఖలో కంప్యూటర్లు వచ్చాక ఆ పని నిమిషాలలోకి వచ్చింది. 2001లో జంట నగరాల్లో ఈ-సేవ, 2011లో మీ-సేవ వచ్చాయి. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో తెలిసిన గుమాస్తాకుండే పెత్తనం అంతటితో తగ్గింది. ఇది మంచిదే. అయితే ఆ పెత్తనం మాయం కాలేదు, చేయి మారింది. పాస్‌వర్డు తెలిసినవాడు, ఇంగ్లీషు చదవగలవాడు నేటి గుమాస్తా.

ఈ సంగతి మనకు బాగా అనుభవమయ్యేది లైఫ్ సర్టిఫికెట్ విషయంలో. 2014 నవంబరులో కేంద్రం ‘జీవన్ ప్రమాణ్’ ప్రారంభించింది. మంచం పట్టినవారు కూడా కార్యాలయానికి వెళ్ళనవసరం లేకపోవడం గొప్ప సౌకర్యమే. కాని వయసు మీద పడి వేలిముద్రలు అరిగినవారిని యంత్రం గుర్తించలేక పోయేది. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి వచ్చింది. దానికి స్మార్ట్ ఫోను కావాలి, నడిపే మనిషీ కావాలి. పిల్లలు దగ్గర లేని వితంతు ఫ్యామిలీ పెన్షనరుకు ఆ మనిషి ఎవరు? బతికి ఉన్నానని చెప్పుకోవడానికి పరాయివాని చేతిలో ఆధార్ నంబరు, ఓ.టి.పి. పెట్టవలసి వస్తే, అది సౌకర్యమా, ప్రమాదమా?

పిట్స్‌బర్గ్ లెక్కలు చెప్పినది ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అండ ఉన్నవారికి ఇంటర్నెట్ మరింత అండ అవుతుంది. అండ లేనివారికి ముందు మనుషులు కావాలి. కనుక మన సంఘ సభ్యులలో ఫోను వాడడం తెలిసిన ప్రతివారూ తెలియని ఒకరి ఇంటికి వెళ్ళి, వారి ఫోనులోనే, వారి చేతనే పని చేయించి నేర్పాలని నా మనవి. ఓ.టి.పి. ఎవరికీ చెప్పరాదని మొదటి పాఠంగా చెప్పాలి. ఆ పని సర్టిఫికెట్లకు గడువు దగ్గర పడక ముందే మొదలుపెడితే, ఏ ఒక్కరి పెన్షనూ ఆగకుండా చూడగలం.