గిడుగువారి ముప్పై ఏళ్ళు, నా పన్నెండు నోట్లు

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. వక్తలు వ్యావహారిక భాషోద్యమం గురించి మాట్లాడతారు. యేట్సు దొర ప్రస్తావన వస్తుంది, గురజాడవారి పేరు వస్తుంది, 1919లో ఆయన పెట్టిన 'తెలుగు' మాసపత్రిక సంగతి వస్తుంది. అన్నీ నిజాలే. అయితే బ్యాంకువాణ్ణి కనుక తేదీలు చూడగానే లెక్క వేసే అలవాటు నాకుంది. పంతులుగారు పర్లాకిమిడి రాజావారి బడిలో ఉద్యోగానికి చేరింది 1880లో. పదవి నుంచి తప్పుకున్నది 1911లో. ఉద్యమమంటూ మొదలైంది ఆ ఉద్యోగం చివరి నాలుగైదేళ్ళలో. అంతకు ముందటి పాతికేళ్ళూ ఆయన ఏం చేస్తున్నట్టు? పటానికి దండ వేసేటప్పుడు ఆ ప్రశ్న ఎవరికీ గుర్తు రాదు. నాకైనా కొండమీద బ్రాంచిలో ఒక ముసలమ్మ పుణ్యాన గుర్తొచ్చింది. ఆ కథ తరువాత చెబుతాను.

నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. పుట్టి పెరిగింది పర్లాకిమిడి. బడి చదువంతా ఒడియాలో. తెలుగు అక్షరాలు మా అమ్మ గోడకున్న క్యాలెండరు మీద నా వేలు పట్టుకుని దిద్దించింది. కనుక ఇది పండితుడు రాసిన వ్యాసం కాదు. ఒక జీతగాడు ఇంకొక జీతగాడి చదువు గురించి చెప్పుకునే మాట.

రామమూర్తిగారు 1863లో వంశధార ఒడ్డున, ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ళప్పుడే తండ్రి జ్వరంతో పోయారు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయి, మరుసటి ఏడు 30 రూపాయల జీతం మీద మా ఊరి బడిలో చేరారు. అప్పటికి ఆయనకు పదిహేడేళ్ళు. చెప్పవలసింది చరిత్ర పాఠం. ఉద్యోగం చేసుకుంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., తరువాత బి.ఏ. ప్యాసయ్యారు. ఇంతవరకు ఆశ్చర్యపోవలసింది లేదు. ఉద్యోగంలో ఉంటూ పరీక్షలు రాసినవాళ్ళు మా బ్యాంకులో వందలమంది ఉన్నారు. నేనూ సి.ఎ.ఐ.ఐ.బి. రాశాను. ప్యాసయిన రోజునే పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టాను. ఇంక్రిమెంట్లు వచ్చాయి. పుస్తకాలకు చెదలు పట్టింది.

పంతులుగారు అలా చేయలేదు. ముఖలింగం గుడిగోడల మీద నిండా శాసనాలున్నాయి. బడిలో అలెగ్జాండరు గురించీ అక్బరు గురించీ చెప్పే మాస్టరుకు తన ఊరి పక్కనున్న గోడ మీద ఏముందో తెలుసుకోవాలనిపించింది. గురువు లేడు. పుస్తకాలు తెప్పించుకుని ఆ పాత లిపులు తనంతట తానే పట్టుకున్నారు. గోడ దగ్గర నిలబడి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివారు. గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదిస్తూ ఇంగ్లీషులో రాశారు. గాంగరాజు వజ్రహస్తుడి నడగాం తామ్రశాసనాన్ని చదివి 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో ప్రకటించారు. ఆ రేకుల మీది సంవత్సరం శక 979, అంటే క్రీ.శ. 1057-58.

ఇక్కడ నా వృత్తి మాట ఒకటి. మన దేశపు గుడి శాసనాల్లో చాలా భాగం నా కళ్ళకు డిపాజిట్ రసీదుల్లా కనిపిస్తాయి. ఫలానావారు ఇన్ని మాడలు ఇచ్చారు, దాని మీద వచ్చేదానితో స్వామివారికి అఖండదీపం వెలగాలి, గడువు ఆచంద్రార్కం. అసలు ముట్టుకోకూడదు, వడ్డీతో నెయ్యి కొనాలి. ఇలాంటి ఖాతా తెరిచే ధైర్యం ఇప్పుడు ఏ బ్యాంకుకూ లేదు. ముఖలింగం వెళ్ళినప్పుడల్లా ఆ గోడ ముందు నిలబడతాను. ఒక్క అక్షరం రాదు. పక్క ఊళ్ళో పుట్టిన ఒక బడిపంతులు ఇదంతా చదివాడన్న సంగతి మాత్రం మనసులో మెదులుతూ ఉంటుంది.

ఈ చదువు వల్ల ఆయన జీతం పెరగలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి ముఖలింగం గోడ చదివావా అని అడగడు. తిండి పెట్టని పని పెట్టుకున్నాడని ఊళ్ళోవాళ్ళు అనుకునే ఉంటారు. కానీ పాఠంలోని చరిత్ర వేరే దేశపు సంగతి కాకుండా తన కాళ్ళకింది నేల అయింది కదా! ఆ మార్పు ఏ సర్టిఫికెట్టులోనూ కనిపించదు.

ఆ తరువాత సవర భాష వంతు వచ్చింది. మా ఊరి సంతకు కొండల మీదనుంచి సవరలు దిగివస్తారు. అప్పుడూ వచ్చేవారు. మన తెలుగుతోగానీ ఒడియాతోగానీ దానికి చుట్టరికం లేదు. ముండా కుటుంబపు భాష అది. షావుకార్లు బేరానికి సరిపడా నాలుగు ముక్కలు నేర్చుకుని ఊరుకునేవారు. పంతులుగారు మాత్రం తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని వాచకాలు రాశారు, కథలూ పాటలూ సేకరించారు, సొంత డబ్బుతో బడులు నడిపారు. ఆ పుస్తకాలకు మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకు ఒక మంచి బడి పెట్టించండి అన్నారట.

దీనికి ఆయన చెల్లించిన ధర చిన్నది కాదు. మన్యంలో తిరగడం వల్ల మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైను చెవులను తినేసింది. సవర మాటల్లో గొంతు దగ్గర ఒక్క క్షణం తెగి మళ్ళీ అందుకునే ధ్వని ఒకటుంది. చెవులు బాగున్న నాకే అది సరిగా పట్టుబడలేదు. అటువంటి భాషను పట్టుకున్న మనిషికి వినికిడి పోయింది. ఇక మీదట ఎదుటివాడి మాట కాగితం మీదకు వస్తేనే ఆయనకు లోకం. చదువూ రాతా అప్పటివరకు ఆయనకు ఇష్టమైన పనులు. ఆ తరువాత అవే ఆయన చెవులు.

ఇప్పుడు ముసలమ్మ కథ. 2012లో గజపతి జిల్లా కొండల్లో ఒక చిన్న బ్రాంచికి నన్ను మేనేజరుగా వేశారు. సంతరోజున ఒక సవర ముసలమ్మ కొంగున కట్టుకుని డబ్బు తెచ్చింది, ఖాతాలో వేయడానికి. అన్నీ వంద నోట్లు. ఎన్నున్నాయో నోటితో చెప్పింది. స్లిప్పులు రాసిపెట్టే సవర కుర్రవాడు విని 2,700 అని రాశాడు. కౌంటరులో లెక్కపెడితే 39 నోట్లు తేలాయి. స్లిప్పు సరిగా రాయించుకుని రమ్మని క్యాషియరు డబ్బు తిరిగి ఇచ్చేశాడు. ఆమె గట్టిగా మళ్ళీ అదే మాట చెప్పింది. కుర్రవాడు, "సార్, ఇరవై ఏడే అంటోంది" అన్నాడు. వెనక జనం తోసుకుంటున్నారు. నేను గదిలోంచి తల బయటపెట్టి, "మళ్ళీ లెక్కపెట్టుకుని రమ్మనవయ్యా" అన్నాను. ఆమె నోట్లు కొంగున ముడివేసుకుని కొండెక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పైతొమ్మిదిలోంచి ఇరవై ఏడు పోతే పన్నెండు. ఆ పన్నెండు నోట్లు ఆమె చేతిలో ఉన్నాయి, మాటలో లేవు. తప్పుడు లెక్క చెప్పవలసిన అవసరం ఆమెకు లేదు.

ఆ వారంలోనే పర్లాకిమిడి వచ్చినప్పుడు ఒక లెక్చరరు మిత్రుడి దగ్గర గిడుగువారి సవర వ్యాకరణం జెరాక్సు ప్రతి చూశాను. 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసిన ఇంగ్లీషు పుస్తకం. సంఖ్యల దగ్గర ఆగిపోయాను. సవర లెక్క మన పదుల లెక్క కాదు. ఒకటి నుంచి పన్నెండు దాకా వెళుతుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి. అలా పంతొమ్మిది దాకా వెళ్ళి ఇరవై. ఇరవై తరువాత మళ్ళీ అదే వరస. ముప్పైతొమ్మిదంటే ఒక ఇరవై, ఒక పన్నెండు, ఒక ఏడు. పన్నెండును 'మిగ్గల్' అంటారు. ముసలమ్మ సరిగానే చెప్పింది. ఒడియా బడిలో చదువుకున్న మా కుర్రవాడికి ఇరవై తెలుసు, ఏడు తెలుసు. మధ్యలో వచ్చిన ముసలివాళ్ళ మాట వాడి చెవికి ఎక్కలేదు. వాణ్ణి ఏమీ అనలేకపోయాను. మా అమ్మ వాడే తెలుగు కొలతలు, వీసెలూ సవాశేర్లూ, నాకు మాత్రం తెలుసునా?

రెండు వారాలకు ఆమె మళ్ళీ సంతకు వచ్చింది. నేనే కౌంటరు దగ్గరికి వెళ్ళి పుస్తకంలో చూసి నేర్చుకున్నది అప్పజెప్పాను. ఆమె నవ్వింది. నా మిగ్గల్ బాగాలేదు కాబోలు, రెండుసార్లు సరిచేసి పలికించింది. 39 నోట్లు ఖాతాలో పడ్డాయి. ఆ సాయంత్రం ఒక పాత డైరీ తీసి ఒకటి నుంచి పన్నెండు దాకా సవర అంకెలు తెలుగు లిపిలో రాసుకున్నాను. పరీక్షకు కాకుండా నేను రాసుకున్న మొదటి పేజీ అదే. ఆ బ్రాంచిలో ఉన్న మూడేళ్ళలో ఆ డైరీ నిండింది. దాని వల్ల నాకు ప్రమోషన్ రాలేదు. బదిలీ మీద వచ్చి ఏ ఊరైనా ఒకటే అనుకునే మనిషిని, సంతరోజు కోసం ఎదురుచూసే మనిషినయ్యాను.

పంతులుగారి కథలో మా పర్లాకిమిడివాళ్ళు కాస్త గొంతు తగ్గించి చెప్పుకునే ఘట్టం ఇంకొకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలపవద్దని ఆయన గట్టిగా పోరాడారు. ఫలించలేదు. ప్రారంభోత్సవం నాటి ఉదయమే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. యాభై ఆరేళ్ళు ఉన్న ఊరు. అప్పటికి ఆయనకు డెబ్బై రెండు నడుస్తున్నాయి. మా తాత ఉండిపోయాడు. వెళ్ళడానికి ఆయనకు ఇంకో ఊరు లేదు. పంతులుగారు చేసింది సరైనదా, మా తాత చేసింది సరైనదా అని చిన్నప్పుడు మా ఇంట్లో వాదనలు జరిగేవి. నా మటుకు నేను మా తాత పక్షమే. ఉండిపోయినందువల్లనే కదా నాకు మూడు భాషలు వచ్చాయి!

కానీ ఒక సంగతి తలచుకుంటే ఆ వాదన చిన్నదైపోతుంది. రాజమహేంద్రవరం వీధుల్లో సవర మాట వినిపించదు. వినిపించినా ఆయనకు వినబడదు. ఆయన ఆ ఊళ్ళో ఉన్న కాలంలోనే, 1938లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఆ నిఘంటువు జెరాక్సు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పక్కనే నా డైరీ. వచ్చే ఏడాది పదవీ విరమణ. డైరీలో ఇంకా నలభై దాకా మాటలు నిఘంటువుతో సరిపోల్చుకోవలసి ఉన్నాయి. కొన్ని నేను తప్పు విన్నవి కావచ్చు. కొన్ని ఆ ముసలమ్మ ఊరివాళ్ళు మాత్రమే అనేవి కావచ్చు. తేల్చుకోవడానికి ఒకసారి సంతకు వెళ్ళిరావాలి.