పౌండు పతనం, ఎర్ర సముద్రపు డైవింగ్

ఒక దేశపు ద్రవ్యం విలువను విదేశీ ద్రవ్యాలతో పోల్చి ప్రభుత్వమే తగ్గించడాన్ని అర్థశాస్త్రంలో మూల్యహీనీకరణ అంటారు. అలా తగ్గించినప్పుడు ఆ దేశానికి వచ్చే విదేశీ యాత్రికునికి సమస్తమూ చవకవుతుందన్నది లోకంలో స్థిరపడిన అభిప్రాయం. అయితే ఈజిప్టు ఎర్ర సముద్ర తీరంలో స్కూబా డైవింగ్, అంటే గాలి నింపిన సిలిండరును వీపున తగిలించుకుని నీటి అడుగున సంచరించే క్రీడ, ఒక వ్యాపారంగా ఎదిగిన చరిత్రను పరిశీలిస్తే ఆ అభిప్రాయంలో సగమే నిజమని తేలుతుంది.

ఈ వ్యాపారం మొదటి నుంచీ విదేశీయుల రాకపైనే ఆధారపడింది. ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో 1950ల తొలినాళ్లలో ఎర్ర సముద్రంలో చేసిన యాత్రలు, 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందిన ఆయన చిత్రం ఐరోపా వారికి ఇక్కడి నీటి అడుగు లోకాన్ని పరిచయం చేశాయి. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ ఆక్రమించిన సినాయ్ ద్వీపకల్పం 1982 ఏప్రిల్‌లో తిరిగి ఈజిప్టు చేతికి రాగా, మరుసటి ఏడాదే దాని దక్షిణ కొనలోని రాస్ మొహమ్మద్ పగడపు దిబ్బలను జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. 1941లో జర్మన్ బాంబర్ల దాడికి మునిగిన తిసిల్‌గార్మ్ అనే బ్రిటిష్ సరకు ఓడ శిథిలం కూడా డైవర్లను ఆకర్షించడంతో, షర్మ్ అల్ షేక్, హుర్ఘాదా పట్టణాలు ఐరోపా యాత్రికులతో నిండాయి. వచ్చేవారూ విదేశీయులే, శ్వాస పరికరాలూ కంప్రెసర్లూ ఎక్కువగా దిగుమతి సరుకులే కావడంతో, డైవింగ్ కేంద్రాలు తమ ధరలను డాలర్లలో, తరువాతి కాలంలో యూరోలలో ప్రకటించడం ఆనవాయితీ అయింది.

ఈ ఆనవాయితీ వల్ల డైవరు ఖర్చు మూడు భాగాలుగా చీలుతుంది. విమాన ఛార్జీని అతడు స్వదేశపు ద్రవ్యంలో చెల్లిస్తాడు; డైవింగ్ రుసుము యూరోలలోనో డాలర్లలోనో ఉంటుంది; టాక్సీ, వీధి భోజనం, బక్షీసు వంటివి మాత్రమే ఈజిప్టు పౌండ్లలో ఉంటాయి. మూల్యహీనీకరణ నేరుగా తాకేది ఈ మూడవ భాగాన్నే.

2016 నాటి పరిణామాలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. 2015 అక్టోబరు 31న షర్మ్ అల్ షేక్ నుంచి బయలుదేరిన రష్యా విమానం సినాయ్‌లో కూలి 224 మంది మరణించగా, రష్యా ఈజిప్టుకు విమానాలన్నింటినీ, బ్రిటన్ ఆ పట్టణానికి విమానాలను నిలిపివేశాయి. 2010లో సుమారు 1.47 కోట్లున్న విదేశీ యాత్రికుల సంఖ్య 2016లో 54 లక్షల దరిదాపులకు పడిపోయి, విదేశీ మారక ద్రవ్యానికి కటకట ఏర్పడింది. చివరకు 2016 నవంబరు 3న ఈజిప్టు కేంద్ర బ్యాంకు మారకపు రేటును మార్కెట్టుకు వదిలివేయగా, అంతకుముందు 8.88 పౌండ్లున్న డాలరు ఏడాది చివరకు 18 పౌండ్లకు చేరింది. దీంతో 100 పౌండ్ల భోజనం యాత్రికునికి సుమారు 11 డాలర్లకు బదులు ఐదున్నర డాలర్లకే దొరికింది గాని, యూరోలలో రాసిన డైవింగ్ బిల్లు ఆ కారణంగా తగ్గవలసిన అవసరమే లేకపోయింది. పైగా అదే సమయంలో ప్రభుత్వం ఇంధన సబ్సిడీలను కోయడంతో పడవలకు కావలసిన డీజిలు లీటరు 1.80 పౌండ్ల నుంచి 2.35కు పెరిగింది. 2017 మధ్యకల్లా ద్రవ్యోల్బణం 30 శాతం దాటడంతో భోజనంలో మిగిలిన లాభం కూడా క్రమంగా కరిగింది.

బ్రిటిష్ డైవర్ల అనుభవం మరింత విచిత్రమైనది. ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని 2016 జూన్‌లో బ్రిటన్ ప్రజలు తీర్పు ఇచ్చిన తరువాత, సుమారు 1.30 యూరోలు పలికిన వారి పౌండు అక్టోబరు నాటికి 1.11 ప్రాంతానికి దిగింది. అంటే 300 యూరోల డైవింగ్ రుసుముకు వారు 231 పౌండ్లకు బదులు 270 పౌండ్లు ఇవ్వవలసి వచ్చింది. ఈజిప్టు ద్రవ్యం సగానికి పడిపోయిన సంవత్సరంలోనే వారికి డైవింగ్ ప్రియమైంది.

2022 మార్చి నుంచి వరుసగా వచ్చిన తగ్గింపులు 2024 మార్చి 6న డాలరు 31 పౌండ్ల నుంచి 50 దరిదాపులకు ఎగబాకడంతో పతాక స్థాయికి చేరాయి. 2016 నవంబరుకు ముందున్న రేటుతో పోలిస్తే ఈజిప్టు పౌండు తన విలువలో ఐదింట నాలుగు వంతులకు పైగా కోల్పోయింది. అయినా ఇదే కాలంలో రూపాయి కూడా డాలరుకు 67 నుంచి 83కు తగ్గినందున, 100 డాలర్ల డైవింగ్ భారతీయునికి 6,700 రూపాయల నుంచి 8,300 రూపాయలకు పెరిగింది.

ద్రవ్యం విలువ పడిపోయినప్పుడు అసలు భారం మోసింది పౌండ్లలో జీతం తీసుకునే పడవ సిబ్బంది, వంటవారు, సిలిండర్లు నింపే కూలీలు. 2023 సెప్టెంబరులో 38 శాతానికి చేరిన ద్రవ్యోల్బణం వారి వేతనాలను హరించింది. యాత్రికునికి ఒడ్డున కలిసివచ్చిన చవకలో ఈ శ్రామికులు నష్టపోయిన కొనుగోలు శక్తి కూడా ఉంది. డైవింగ్ రుసుమును మాత్రం ఈజిప్టు పౌండు కన్నా యూరోతోనో డాలరుతోనో యాత్రికుని స్వదేశ ద్రవ్యానికున్న మారకపు రేటే ఎక్కువగా నిర్ణయించింది.