దాబాగార్డెన్స్ వేధశాల: ఔత్సాహిక ఖగోళ పరిశీలనలో వారసత్వ సమస్య

తెలుగు ప్రాంతాల ఖగోళ చరిత్రలో నవాబు జఫర్ జంగ్ 1901లో హైదరాబాదున స్థాపించిన నిజామియా వేధశాలకు ప్రముఖ స్థానం ఉంది. అంతకు ఆరు దశాబ్దాల ముందే, 1840లో, గోడే వెంకట జగ్గారావు (1817-1856) విశాఖపట్నంలోని దాబాగార్డెన్స్‌లో సొంత వేధశాలను నెలకొల్పాడు. దీనిని ఒక జమీందారీ కుటుంబీకుని విలాసంగా పరిగణించడం సమంజసం కాదు. జగ్గారావు మద్రాసు వేధశాల అధిపతి టి.జి. టేలర్ వద్ద శిక్షణ పొందినవాడు. జీతం లేనంత మాత్రాన శాస్త్రీయ క్రమశిక్షణ లేదనుకోవడం ఆధునిక వృత్తిదృష్టి ఫలితం.

జగ్గారావు మరణానంతరం ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827-1892) ప్రభుత్వోద్యోగాన్ని విడిచి వేధశాల బాధ్యతను స్వీకరించాడు. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని ఆయన ఆరు అంగుళాల కుక్ దూరదర్శినితో పరిశీలించాడు. ఆనాటి ఖగోళవేత్తలకు ఇది కేవలం వింత దృశ్యం కాదు. శుక్రబింబం సూర్యుని అంచును తాకిన క్షణాలను భిన్న ప్రదేశాల నుండి నమోదు చేసి, వాటి తేడాను బట్టి సూర్యుని దూరాన్ని గణించవలసి ఉంది. అందువల్ల దూరదర్శిని ఎంత ముఖ్యమో గడియారమూ అంతే ముఖ్యం. విశాఖ అక్షాంశం వద్ద కాలగణనలో ఒక్క సెకను తేడా, రేఖాంశ నిర్ణయంలో సుమారు 440 మీటర్ల తేడాకు సమానం. నక్షత్రాల ఆధారంగా గడియారాన్ని సరిచూచుకోగల స్థిరమైన వేధశాల విలువ ఇక్కడే తెలుస్తుంది. పైగా 1882లో ఇదే ఘటన పునరావృతమైనప్పుడు భారతదేశంలో సూర్యాస్తమయం అయిపోయింది. అంటే, ఇక్కడివారికి 1874 ఏకైక అవకాశం.

రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలో అయిన నరసింగరావు తన పరిశీలనలను ఆ సంస్థ పత్రికలో ఆంగ్లంలో ప్రచురించాడు. ఇందుకు భిన్నంగా, మద్రాసు వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి అదే సంక్రమణాన్ని సామాన్యులకు వివరించే చిన్న పుస్తకాన్ని పలు భారతీయ భాషలలో వెలువరించాడు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణ పరిశీలనకు వనపర్తి వెళ్లిన బృందానికి నాయకుడు కూడా ఆయనే. స్వేచ్ఛ ఉన్న ఔత్సాహికుడు లండన్ పండితులను ఉద్దేశించి వ్రాయగా, జీతగాడైన ఉద్యోగి స్థానిక పాఠకుని తలచుకొన్నాడు. ఈ విపర్యయం గమనార్హం. అయితే లండన్‌లో ముద్రణ పొందినందువల్లనే విశాఖ పరిశీలనలు మనకు దక్కాయన్నదీ నిజమే.

వేధశాల మనుగడ మాత్రం వంశక్రమంపైనే ఆధారపడింది. మామ నుండి అల్లునికి, అల్లుని మరణం తరువాత ఆయన భార్య అచ్చయ్యమ్మకు దాని నిర్వహణ సంక్రమించింది. అనేక చరిత్రకథనాలలో ఆమె పేరు ఒక వాక్యాన్ని మించదు. నిజామియా వేధశాల స్థాపకుని మరణానంతరం నిజాం ప్రభుత్వాధీనమై, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. దాబాగార్డెన్స్‌కు అటువంటి విద్యాసంస్థ ఆశ్రయం లభించలేదు. 1894 నుండి జగ్గారావు వేధశాల పేరిట ముద్రితమైన ఫలితాలు వాతావరణ పరిశీలనలవి.