టికెట్టులో లేని ఎడారి

విజిట్ వీసా మీద ఇంటి నుంచి ఎవరు దుబాయి వచ్చినా రెండు మాత్రం చూడాల్సిందే అంటారు: బుర్జ్ ఖలీఫా, డెజర్ట్ సఫారీ. మొదటిదాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. లిఫ్టెక్కి పైకి పోయి ఫోటోలు దిగి రావడమే. రెండోదాని సంగతి వేరు. ఆ ఒక్క సాయంత్రంలో ఈ దేశం తన పాతకాలాన్ని మనకు చూపిస్తున్నానంటుంది. ఒంటె ఉంటుంది, గుడారం ఉంటుంది, డేగ, ఖర్జూరం, గహ్వా అనే అరబ్బు కాఫీ అన్నీ ఉంటాయి. లేనిదల్లా పేదరికం. చమురు పడేదాకా ఈ ఇసుకలో బతికినవాళ్ల కథలో సగం ఆకలి, మిగతా సగం అప్పు. ఆ సంగతి తెలిసి చూస్తే సఫారీ ఇంకోలా కనిపిస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన మాబోటివాళ్లకైతే మరీను.

మొన్న శీతాకాలంలో మా అక్కాబావలు వస్తే తీసుకుపోయాను. మధ్యాహ్నం మూడింటికి ల్యాండ్ క్రూజర్ ఇంటి ముందుకే వస్తుంది. ఆ పూట బిర్యానీ వద్దని ఎంత మొత్తుకున్నా చుట్టాలు వినరు, అది వాళ్ల కర్మ. హత్తా రోడ్డు పట్టుకుని పోతే లహబాబ్ వస్తుంది. అక్కడి ఇసుకది ఇటుక రంగు. రేణువుల మీద ఇనుము తుప్పు పట్టి ఉంటుంది కాబట్టి ఆ ఎరుపు. దిబ్బల్లోకి దిగేముందు బండ్లన్నీ ఒకచోట ఆపుతారు. మా డ్రైవరు పెషావర్ వైపు పఠాన్. దిగి, టైరు పక్కన గొంతుక్కూర్చుని, వాల్వు మూత తీసి చిన్న పుల్లతో నొక్కాడు. గాలి బుస్సుమని పోతుంటే తల పక్కకు వాల్చి చెవితోనే అంచనా కట్టి, ఆఖర్న మాత్రం గేజీ పెట్టి చూశాడు. ముప్ఫై అయిదు దగ్గరుండే గాలి పదహారుకు దిగింది.

"గాలంత తీస్తుండేంది? నడుమ పంచరైతే ఎవడొస్తడు ఈడికి?" అన్నాడు బావ.

టైరు మెత్తబడితే వెడల్పుగా పరుచుకుంటుంది, బండి బరువు ఎక్కువ మేర పంచుకుంటుంది, ఇసుకలో దిగబడదు. ఒంటె పాదం కూడా అంతే, అడుగు పడగానే విచ్చుకుంటుంది. ఆ తర్వాతి అరగంట దిబ్బ ఎక్కడం, అంచున ఒక్క క్షణం ఆకాశం తప్ప ఏమీ కనిపించకపోవడం, పక్కకు జారడం. బిర్యానీ తిన్నవాళ్లు కవర్లు అడుగుతారు. ఈ భాగం గురించి ఇంతకంటే రాయడం దండగ.

దిబ్బలు దాటాక బండి ఆగిన పల్లంలో ఒక చెట్టుంది. చుట్టూ గరిక కూడా లేనిచోట పచ్చగా నిలబడి ఉంది. అక్క దాని దగ్గరికి నడిచిపోయి కొమ్మ పట్టుకుని చూసింది.

"తమ్మీ, ఇది మన జమ్మి గాదు?"

జమ్మే. ఇక్కడ ఘాఫ్ అంటారు. రెంటికీ శాస్త్రం పెట్టిన పేరు ఒక్కటే, ప్రొసోపిస్ సినరేరియా. మనకది తెలంగాణ రాష్ట్ర వృక్షం, వీళ్లకు 2008 నుంచి జాతీయ వృక్షం. వేళ్లు ఎంతో లోతుకు దిగి అడుగున ఎక్కడో ఉన్న చెమ్మను పట్టుకుంటాయి. చమురుకు ముందు ఈ చెట్టు లేకపోతే ఎడారిలో ఇల్లు లేదు: ఆకు మేకలకు, ఒంటెలకు మేత, ఎండుకొమ్మ పొయ్యిలోకి, నీడ మనుషులకు. కరువు రోజుల్లో లేత ఆకులు మనుషులే వండుకుతిన్నారు. దసరానాడు ఊరంతా జమ్మి ఆకు చేతిలో పెట్టుకుని "బంగారం" అని పంచుకునేవాళ్లం కదా, అక్క ఒక రెమ్మ తెంపబోయింది. డ్రైవరు దూరం నుంచే "నహీ బాజీ!" అని కేకేశాడు. దానికి చట్టం కాపలా ఉంది. అక్క వదిలేసి, చెట్టుకు దండం పెట్టుకుని వచ్చింది.

క్యాంపులో ముందు ఒంటె సవారీ. ఒంటె లేచేటప్పుడు వెనక కాళ్లు ముందు లేపుతుంది. ఎక్కినవాళ్లు ముందుకు తూలి దాని మెడ మీద పడబోతారు, ఆ క్షణానికే ఫోటోగ్రాఫరు కాచుకుని ఉంటాడు. ఒంటె వీళ్లకు పాలు, మాంసం, రవాణా, ఆస్తి. ఇప్పుడు పరుగు పందేల్లో లక్షల దిర్హాములు. ఆ పందేల గతం మాత్రం క్యాంపులో ఎవరూ ఎత్తరు. జాకీ ఎంత తేలికగా ఉంటే ఒంటె అంత వేగంగా పోతుందని పాకిస్తాన్, బంగ్లాదేశ్, సూడాన్, మారిటేనియాల నుంచి పసిపిల్లల్ని తెచ్చి ఒంటెల మీద కట్టేవాళ్లు. 2005లో పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు జాకీలుగా ఉండకూడదని చట్టం చేసి, యునిసెఫ్‌తో కలిసి ఆ పిల్లల్ని వాళ్ల దేశాలకు పంపారు. ఇప్పుడు ఒంటె మీద చిన్న రోబో ఉంటుంది. యజమాని పక్క రోడ్డు మీద కారులో పోతూ రిమోట్‌తో కొరడా ఆడిస్తాడు.

డేగను చేతిమీద పెట్టి ఫోటో తీస్తారు, దానికి వేరే డబ్బు. డేగ వేట మాత్రం అచ్చంగా ఇక్కడిదే. శరదృతువులో వలసొచ్చే డేగను పట్టుకుని, మచ్చిక చేసి, చలికాలమంతా దాంతో వేటాడి, ఎండలు ముదిరేవేళకు వదిలేసేవాళ్లు. మాంసం కోసమే ఆ వేట, సరదాకు కాదు. ఇప్పటి డేగలకు పాస్‌పోర్టులున్నాయి, నిజంగానే. విమానంలో యజమాని పక్కన కూర్చుని పోతాయి. పనివాళ్ల పాస్‌పోర్టు యజమాని తన దగ్గర పెట్టుకోవడం ఇక్కడ చట్టం ఒప్పదు. అయినా పెట్టుకునేవాళ్లున్నారని మనవాళ్లకు చెప్పనక్కర్లేదు.

చీకటి పడ్డాక ఆటపాటలు. రంగురంగుల గాగరాలు తొడుక్కుని గిరగిరా తిరిగేది తనూరా, అది ఈజిప్టుది. బెల్లీ డ్యాన్సు కూడా అటువైపుదే. అరబ్బు సంప్రదాయం అని చుట్టాలు వీడియోలు తీసి ఊళ్లోకి పంపుతుంటారు. రంజాన్ నెలలో ఆ డ్యాన్సు ఆపేస్తారు, అప్పుడు వచ్చినవాళ్లు టికెట్టు డబ్బులు నష్టపోయామనుకుంటారు. ఇక్కడివాళ్ల సొంత ఆట అయ్యాలా. మగవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి, సన్నటి వెదురు కర్రలు పట్టుకుని, డోలు దెబ్బకు తలలాడిస్తూ పాడతారు. 2014లో యునెస్కో దాన్ని ఒమన్‌తో కలిపి తన జాబితాలో చేర్చింది. సఫారీలో అది కనిపించడం అరుదు. నెమ్మదిగా సాగే ఆట కదా, బఫేకు ముందు జనానికి ఓపిక ఉండదు.

క్యాంపులో నాకు నచ్చేది గహ్వా ఒక్కటే. లేత పసుపు రంగులో, యాలకుల వాసనతో, చక్కెర లేకుండా ఉంటుంది. పోసేవాడు ముక్కుచెంబు ఎడమచేత పట్టుకుని, చెవిలేని బుల్లి గిన్నె కుడిచేత అందిస్తాడు. గుక్కెడే పోస్తాడు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి, లేదంటే పోస్తూనే ఉంటాడు. బావకు ఈ సంగతి చెప్పడం మరిచిపోయానో, కావాలనే చెప్పలేదో!

ఈ దేశం పుట్టింది కూడా ఇలాంటి గుడారంలోనే. 1968 జనవరిలో బ్రిటన్ ప్రధాని హెరాల్డ్ విల్సన్, 1971 చివరికల్లా గల్ఫ్ నుంచి తమ సైన్యం వెళ్లిపోతుందని ప్రకటించాడు. అంతవరకూ ఈ చిన్న చిన్న షేక్ రాజ్యాల రక్షణ, విదేశీ వ్యవహారాలు బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉండేవి. నెల తిరగ్గానే ఫిబ్రవరి 18న అబుదాబి పాలకుడు షేక్ జాయెద్, దుబాయి పాలకుడు షేక్ రాషిద్ తమ సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారం వేసుకుని కూర్చుని, కలిసి ఉందామని మాట అనుకున్నారు. మొదట బహ్రెయిన్, ఖతర్ కూడా కలుస్తాయనుకున్నారు, అవి వేరే దారి పట్టాయి. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు ఒక్కటయ్యాయి, రాస్ అల్ ఖైమా 1972 ఫిబ్రవరిలో వచ్చి చేరింది.

బ్రిటిష్‌వాళ్లు ఇక్కడికి వచ్చింది లండన్ నుంచి కాదు, బొంబాయి నుంచి. 1819 చివర్లో రాస్ అల్ ఖైమా మీద విరుచుకుపడిన సేన బొంబాయి నుంచి బయల్దేరింది, అందులో మన సిపాయిలూ ఉన్నారు. 1820లో సంధి రాయించుకున్నారు, 1853లో శాశ్వత సంధి కుదుర్చుకున్నారు. గల్ఫ్ వ్యవహారాలు చూసే దొర 1947 దాకా బ్రిటిష్ ఇండియా సర్కారు కిందే పనిచేశాడు. దుబాయిలో 1909లో తెరిచిన పోస్టాఫీసు భారతదేశపు తపాలా శాఖది, ఉత్తరం మీద మన స్టాంపులే. సంతలో చెల్లింది రూపాయి. ఇక్కడి నుంచి బంగారం దొంగచాటుగా మన తీరం చేరుతూ, దానికి బదులు పోయిన రూపాయలు తిరిగి మన ఖజానా నుంచే విదేశీ మారకం అడుగుతుంటే, 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే నోట్లు అచ్చువేసింది. 1966 జూన్‌లో మనం రూపాయి విలువ తగ్గించేసరికి వీళ్లు ఆ రూపాయినే వదిలేశారు. ఇప్పటి దిర్హాము వచ్చింది 1973లో. ఇవాళ నెల మొదట్లో ఎక్స్ఛేంజి ముందు వరుసకట్టి, దిర్హాముకు ఎంత వస్తుందని బోర్డు చూసే మనవాళ్లకు ఈ సంగతి వింతగా ఉంటుంది.

తివాచీ మీద కూర్చుని కబాబు తింటూ బావ అడిగాడు, "మరి చమురు లేనప్పుడు వీళ్లేం తినెటోళ్లు?"

సఫారీ చెప్పని కథ అక్కడుంది. ఈ ఎడారి మనిషి ఏడాదంతా ఎడారిలో లేడు. అబుదాబి, దుబాయి పాలకుల మూలాలున్న బనీ యాస్ తెగవాళ్లు చలికాలం ఒంటెలు మేపుకుంటూ ఇసుకలో తిరిగేవాళ్లు. లీవా ఒయాసిస్సులో వాళ్లకు ఖర్జూరపు తోటలుండేవి. ఎండాకాలం రాగానే మగవాళ్లు సముద్రం మీదికి ముత్యాల వేటకు పోయేవాళ్లు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నాలుగు నెలలు పడవలోనే బతుకు. ముక్కుకు చిమటా పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని నీళ్లలోకి దిగేవాడొకడు, పైనుంచి తాడు లాగేవాడొకడు. ఊపిరి బిగబట్టినంతసేపు అడుగున చిప్పలు ఏరుకుని తాడు కదిపితే పైకి లాగుతారు. పొద్దంతా ఇదే పని. కడుపు నిండా తింటే మునగలేరు, అందుకని పగలు రెండు ఖర్జూరాలు, గహ్వా. అన్నం, చేప రాత్రికే. ఆ ముత్యాలు బొంబాయి చేరి, అక్కడి నుంచి పారిస్‌కు, నిజాం హైదరాబాదుకు పోయేవి. పత్తర్‌గట్టిలో బసరా ముత్యాలని మనం మురిసిపోయినవి ఈ గల్ఫ్ నీళ్లలోంచి తీసినవే.

పడవెక్కేముందు నాఖుదా, అంటే పడవ నడిపించే పెద్ద, అడ్వాన్సు ఇచ్చేవాడు. ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు ఆ నాలుగు నెలలు తినడానికి అది. సీజను బాగా సాగితే అప్పు తీరేది, లేకుంటే వచ్చే ఏటికి జమ. అప్పు తీరనిదే ఇంకో పడవెక్కడానికి లేదు. తండ్రి పోతే అప్పు కొడుకు మీద పడిన సందర్భాలూ ఉన్నాయి.

"వడ్డీ ఎంత పట్టెటోళ్లు?" అన్నాడు బావ, చేతిలో కబాబు పక్కన పెట్టి.

వడ్డీ మతం ఒప్పదు. అందుకని అప్పు మీద ఇచ్చే బియ్యానికి, ఖర్జూరానికి ధర పెంచి రాసుకునేవాళ్లు. బావ తల ఊపాడు. పెద్దోణ్ణి షార్జా పంపడానికి ఆయన చేసిన అప్పు గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు.

ఆ ముత్యాల బతుకు కూడా 1930ల్లో కూలిపోయింది. 1929 మాంద్యంతో పారిస్‌లో కొనేవాళ్లు లేకుండా పోయారు; అటు జపాన్‌లో మికిమోటో అనే వ్యాపారి చిప్పల్లో ముత్యాలు పెంచి చవగ్గా అమ్మడం మొదలుపెట్టాడు. పడవలు ఒడ్డెక్కాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండిగింజలు రేషను మీద దొరికేవి, మిడతలు కాల్చుకుతిన్న సంగతి ఇక్కడి ముసలివాళ్లు చెబుతారు. ఆ తర్వాత జరిగింది మన ఊళ్లలో జరిగిందే. చమురు ముందుగా పడ్డ కువైట్‌కు, బహ్రెయిన్‌కు, ఖతర్‌కు, సౌదీకి ఇక్కడి మగవాళ్లు కూలికి పోయారు. 1958లో అబుదాబి సముద్రంలో చమురు కనబడింది, 1962లో తొలి ఓడ దాస్ దీవి నుంచి బయల్దేరింది. దుబాయికి 1966లో దొరికింది. పోయినవాళ్లు తిరిగొచ్చారు. ఇల్లు కట్టడానికి, రోడ్డు వేయడానికి కూలీలు కావలసి వచ్చారు. 1970ల నుంచి ఆ పనులకు మన ఊళ్లు కదిలాయి.

"అంటే కువైట్ పోయినోళ్లు ఇక్కడ సుత ఉండెనన్నట్టు," అన్నాడు బావ. అంటూనే పక్క తివాచీ మీద తెల్ల కందూరా తొడుక్కుని కూర్చున్న ముసలాయన వంక చూశాడు. ఆయన మనవళ్లను తీసుకుని వచ్చినట్టున్నాడు, తనూరా ఆటను వాళ్లకంటే విడ్డూరంగా చూస్తున్నాడు. బావకు ఆయనతో మాట్లాడాలనిపించింది. నిజాం ఏలుబడిలో ఉర్దూ మీడియం చదివిన తాత దగ్గర నేర్చుకున్న ఉర్దూతో పోయి పలకరించాడు. పాతతరం ఎమిరాతీలకు హిందీ, ఉర్దూ బాగానే వస్తాయి, బొంబాయి వ్యాపారం, సినిమాల పుణ్యమా అని. వెళ్లే వేళయిందని డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టేదాకా ఇద్దరూ ఖర్జూరం ధరల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నారు.